చిల్లు లేని షీట్‌లోంచి రసాయనాలు దాటుతాయా? ఆ చదువుకు ఉద్యోగాలున్నాయా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సివిల్ మూడో సంవత్సరం. చెత్త పూడ్చే ల్యాండ్‌ఫిల్ అడుగున పరిచే ప్లాస్టిక్ షీట్‌లోంచి రసాయనాలు ఎలా దాటుతాయో ఎంటెక్‌లో చదువుతానంటోంది. చిల్లే లేకపోతే దాటడమేమిటి? దీన్ని నమ్ముకుంటే ఉద్యోగం వస్తుందా? అదే టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి, అనకాపల్లి

జవాబు: దాటుతాయండీ. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు ల్యాండ్‌ఫిల్ అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి, దానిమీద 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (చిక్కని పాలిథిన్) షీట్ ఉండాలన్నాయి. ఉప్పులోని క్లోరైడ్ లాంటి అయాన్లను ఆ షీట్ దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. బెంజీన్, టోలీన్ లాంటి ద్రావకాలు అలా ఆగవు. నీళ్లలో కన్నా పాలిథిన్‌లో అవి తేలిగ్గా కరుగుతాయి. షీట్‌లోకి ఇంకి, అణువు అణువుగా అవతలికి చేరి, మళ్లీ నీళ్లలోకి దిగుతాయి. దీన్నే డిఫ్యూజన్ అంటారు. టోలీన్‌కైతే ఇది వారాల్లో జరిగిపోయే పని. ఆ తర్వాత దాని జోరు తగ్గించాల్సింది కింది మట్టీ, అందులోని సూక్ష్మజీవులూ.

ఉద్యోగం సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. మన దగ్గర జీతాలు ఎక్కువగా వచ్చేది షీట్‌కు చిల్లు పడకుండా చూసే పనికి. మీ జిల్లాలోని పరవాడలో, హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాల ల్యాండ్‌ఫిల్‌లున్నాయి. ఇలాంటి చోట్ల రెండు వరుసల వెల్డింగ్ మధ్య గాలి కొట్టి, ప్రెజర్ పడిపోతోందా అని చూసే ఇంజనీర్లు కావాలి. ఒక్క డిఫ్యూజనే నమ్ముకుంటే దారి పీహెచ్‌డీ వైపే. కెనడాలోని క్వీన్స్ యూనివర్సిటీలో కెర్రీ రో బృందం దశాబ్దాలుగా దీనిమీద పనిచేసింది. అందుకే ఎంటెక్‌లో జియోటెక్నికల్ గానీ ఎన్విరాన్‌మెంటల్ గానీ తీసుకుని, ఇది థీసిస్‌గా చేయమంటాను. గేట్‌లో సివిల్ పేపర్ ఉండనే ఉంది, 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్‌కు వేరే పేపరూ ఉంది. కెమికల్ ఇంజనీరింగ్ వాళ్లు చదివే మాస్ ట్రాన్స్‌ఫర్ (పదార్థాలు ఒకచోటి నుంచి మరోచోటికి చేరే లెక్కలు) ఇప్పుడే మొదలుపెడితే మంచిది. సివిల్ పిల్లలు తడబడేది అక్కడే.

ఫైనలియర్ ప్రాజెక్టులో ఒకసారి రుచి చూడనివ్వండి. రెండు స్టీల్ గదుల మధ్య షీట్ బిగించి, ఒకవైపు టోలీన్ కలిపిన నీళ్లు, రెండోవైపు మంచినీళ్లు పోస్తారు. అప్పుడప్పుడు సిరంజితో శాంపిల్ తీసి గ్యాస్ క్రొమాటోగ్రాఫ్ అనే యంత్రంలో టోలీన్ ఎంతుందో కొలవాలి. మూత కాస్త వదులైనా టోలీన్ ఆవిరైపోయి లెక్కంతా తప్పుతుంది. ఈ చాకిరీ విసుగనిపిస్తే సైట్ ఉద్యోగాల వైపు వెళ్లొచ్చు. నచ్చితే మాత్రం ఆపకండి. ఎంటెక్‌లో చేరేముందు ఆ డిపార్ట్‌మెంట్ సీనియర్లకు ఫోన్ చేసి, క్రొమాటోగ్రాఫ్ పనిచేస్తోందా, మూలన పడి ఉందా అని కనుక్కోమనండి.