బ్యాటరీ లోహాల కోసం మెటలర్జీ చదువుతానంటోంది, చేర్పించమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ వద్దని మెటలర్జీలో చేరతానంటోంది. ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీలకు వాడే లోహాలు మనుషులకీ నేలకీ హాని చేయకుండా వచ్చేలా చూసే పని చేస్తుందట. అసలు అలాంటి ఉద్యోగం ఉందా? ఉన్నా రిపోర్టులు రాయడమేనా? (ఒక తల్లి)

జవాబు: ఉందండీ. రిపోర్టు రాయడం అందులో చివరి మెట్టు. అసలు పని ఎలా ఉంటుందో ఒక లెక్కతో చెబుతాను.

బ్యాటరీల్లో వాడే లోహాల్లో కోబాల్ట్ ఒకటి. ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో దాదాపు 70 శాతం ఆఫ్రికాలోని డీఆర్ కాంగో దేశానిదే. అక్కడ యంత్రాలతో నడిచే పెద్ద గనులతోపాటు జనం చేత్తో తవ్వుకునే గుంతలూ ఉన్నాయి. వాటిలో పిల్లలు పనిచేయడం, గుంతలు కూలి మనుషులు చనిపోవడం ఎన్నోసార్లు వెలుగులోకి వచ్చిన విషయాలే. ఈ రెండు రకాల ఖనిజమూ రిఫైనరీలో ఒకచోట కరిగాక ఏది ఎక్కడిదో ఎవరూ చూసి చెప్పలేరు. ఫలానా గని నుంచి 2 శాతం కోబాల్ట్ ఉన్న ఖనిజం 10,000 టన్నులు వచ్చిందని, వేరే సరుకేమీ తీసుకోలేదని కాగితాల్లో ఉందనుకోండి. అందులో ఉండే కోబాల్టే 200 టన్నులు, శుద్ధిలో కొంత పోక తప్పదు. అలాంటిది అమ్మకాల ఖాతాలో 230 టన్నులు కనబడితే, బయటి సరుకు వచ్చి కలిసిందన్నమాట. సర్టిఫికెట్లన్నీ సక్రమంగానే ఉండొచ్చు. అయినా ఆ తేడా పట్టుకోవాలంటే ఏ ఖనిజం నుంచి ఎంత లోహం రాబట్టగలమో తెలిసిన ఆడిటర్ కావాలి. అందుకే మీ అమ్మాయి ఎంపిక నాకు చాలా నచ్చింది. సస్టెయినబిలిటీ అని పేరున్న కోర్సులో నేరుగా చేరతానంటే మాత్రం ఆగమనేవాణ్ణి. అది పీజీలో చదవొచ్చు, పునాది మాత్రం లోహశాస్త్రమే కావాలి.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఏ ఒక్క లోహాన్నీ నమ్ముకోవద్దనండి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీల్లో కోబాల్టూ నికెలూ ఉండవు, వాటి వాడకం బాగా పెరిగింది. 2022లో ఆకాశాన్నంటిన లిథియం ధర 2023లో కుప్పకూలింది. ధర పడితే ముందు కోత పడేది కొత్త ప్రాజెక్టులకూ, కొత్త ఉద్యోగాలకూనే. దీనికి నాకు తెలిసిన మంచి రక్షణ హైడ్రోమెటలర్జీ, అంటే లోహాన్ని ద్రావణంలోకి తెచ్చి వేరుచేసే విద్య. గని ఖనిజానికీ, పాత బ్యాటరీలను ముక్కలు చేస్తే వచ్చే బ్లాక్ మాస్ పొడికీ పనికొచ్చేది అదే.

పైగా రీసైక్లింగ్‌కు చట్టం అండ దొరికింది. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన బ్యాటరీ చట్టం ప్రకారం, 2031 నుంచి అక్కడ అమ్మే ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీల్లోని కోబాల్ట్‌లో కనీసం 16 శాతం, లిథియంలో 6, నికెల్‌లో 6 శాతం రీసైకిల్ చేసినవై ఉండాలి. 2027 ఫిబ్రవరి నుంచి ఎలక్ట్రిక్ వాహనాల ప్రతి బ్యాటరీకీ డిజిటల్ పాస్‌పోర్టు, అంటే దాని వివరాలన్నీ ఉండే ఎలక్ట్రానిక్ రికార్డు, తప్పనిసరి. అక్కడ అమ్మాలనుకునే ఏ దేశపు కంపెనీకైనా ఈ లెక్కలు చూసే మనుషులు కావాలి.

ఎలెక్టివ్‌లలో నీటి శాస్త్రం ఉంటే వదలొద్దు. చిలీలోని అటకామా ఎడారిలో ఉప్పునీటిని తోడి, ఏడాదికి పైగా ఎండలో ఆరబెట్టి లిథియం తీస్తారు. అక్కడి తగువంతా నీటి గురించే. ఇండోనేషియా నికెల్‌లో సమస్య బొగ్గు కరెంటు, పోతున్న అడవి. దానికి లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్, అంటే ఒక వస్తువు తయారీ మొదలు పారేసేదాకా పర్యావరణానికి చేసే హానిని లెక్కకట్టే పద్ధతి, తెలియాలి.

ఇక మీరు ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఈ పనిలోకి ఫ్రెషర్‌ని నేరుగా తీసుకోవడం అరుదు. మొదటి రెండు మూడేళ్లు స్మెల్టర్లోనో (ఖనిజాన్ని కరిగించి లోహం తీసే ఫ్యాక్టరీ), రీసైక్లింగ్ ప్లాంట్లోనో, పరీక్షల ల్యాబ్‌లోనో గడపాలి. ఆమ్లాల మధ్య పని, నైట్ షిఫ్టులు ఉంటాయి. కష్టమే, కానీ ప్లాంటులో నిలబడి పనిచేసిన ఆడిటర్‌ని మభ్యపెట్టడం ఎవరికీ తేలిక కాదు. తర్వాత దూరదేశాల ప్రయాణాలుంటాయి కాబట్టి చదువుకుంటూనే ఫ్రెంచ్ గానీ స్పానిష్ గానీ నేర్చుకోమనండి. కాంగోలో మొదటిది, చిలీ, అర్జెంటీనాల్లో రెండోది అక్కరకొస్తాయి.

చేరేముందు కాలేజీకి మీరిద్దరూ కలిసి వెళ్లండి. హైడ్రోమెటలర్జీ ల్యాబ్ నిజంగా నడుస్తోందా, విద్యార్థుల చేత ప్రయోగాలు చేయిస్తున్నారా అని సీనియర్లనే అడగండి. ఆ ల్యాబ్ లేని కాలేజీకి ఎంత పేరున్నా, మీ అమ్మాయి లక్ష్యానికి అది సరిపోదు.