నాలుగు వేల కేబుల్ వేస్తే గేమ్‌లో బొమ్మ బాగుపడుతుందా?

ప్రశ్న: సర్, మాది అనంతపురం, ఉద్యోగం వల్ల మారతహళ్లిలో ఉంటున్నాను. ఈమధ్యే పీఎస్5 (సోనీ గేమ్ కన్సోల్) కొన్నాను. టీవీ 43 అంగుళాల 4కే, మూడేళ్ల కిందటిది, డబ్బా మీద 60 హెర్ట్జ్ అని ఉంది. మా ఫ్రెండ్ ఇంట్లో ఇదే గేమ్ చూస్తే రంగులు అదిరిపోతున్నాయి, మా ఇంట్లో మాత్రం వెలిసిపోయినట్టు, నలుపు కాస్తా బూడిద రంగులో కనిపిస్తోంది. ఎస్పీ రోడ్డులో ఒక షాపాయన్ని అడిగితే కన్సోల్‌తో వచ్చేది మామూలు కేబుల్ సర్, ఈ గోల్డ్ ప్లేటెడ్ 8కే కేబుల్ వెయ్యండి, కలర్సూ షార్ప్‌నెస్సూ రెండూ పెరుగుతాయి అన్నాడు, రేటు నాలుగు వేలు చెప్తున్నాడు. కొనమంటారా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: వద్దండీ, ఆ నాలుగు వేలు పెట్టి ఒక గేమ్ కొనుక్కోండి. పీఎస్5 డబ్బాలో వచ్చే హెచ్‌డీఎంఐ (కన్సోల్ నుంచి టీవీకి బొమ్మ, శబ్దం మోసే) కేబుల్ మామూలుది కానే కాదు, అది అల్ట్రా హై స్పీడ్ రకం, సెకనుకి 48 గిగాబిట్లు మోసే కేబుల్, అసలు పీఎస్5 పోర్టు నుంచి బయటికొచ్చేదే గరిష్ఠంగా 32 గిగాబిట్లు. ఇక మీ టీవీ 60 హెర్ట్జ్ ది, అంటే సెకనుకి 60 బొమ్మలు చూపేది కాబట్టి దానికి వెళ్లే 4కే సిగ్నల్ 18 గిగాబిట్ల లోపే. అంటే మీ చేతిలో ఉన్న కేబులే మీ టీవీకి కావాల్సిన దానికి రెండింతలకి పైన మోయగలదు, దాని బదులు ఇంకోటి పెడితే కొత్తగా వచ్చేదేముంది చెప్పండి.

షాపాయన చెప్పిన 'కలర్స్ పెరుగుతాయి' అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే చాలామంది నమ్మేది దీన్నే. హెచ్‌డీఎంఐలో వెళ్లేవి అంకెలు. ఈ పిక్సెల్‌కి ఎరుపు ఇంత, ఆకుపచ్చ ఇంత, నీలం ఇంత అని కన్సోల్ లెక్కకట్టి పంపుతుంది, అవతల టీవీ ఆ అంకెలే చదువుకుని బొమ్మ వేస్తుంది. మధ్యలో రంగు పెరగాలంటే 4కే బొమ్మలో ఉన్న 80 లక్షల పైచిలుకు పిక్సెల్స్‌లో ప్రతి దాని అంకెనీ ఎవరో మార్చాలి, అదీ సెకనుకి 60 సార్లు. రాగి తీగకి ఆ పని చేతకాదండీ, బంగారు పూత పూసినా చేతకాదు. మీరు ఖరీదైన ఫోన్‌లోంచి యూపీఐ కొట్టినంత మాత్రాన పదివేలు పంపితే అవతలివాళ్లకి పదకొండు వేలు చేరవు కదా, ఇదీ అంతే. బంగారు పూత వల్ల కనెక్టర్ తుప్పు పట్టకుండా ఉంటుంది, అది మంచిదే, కానీ బొమ్మకీ దానికీ సంబంధం లేదు.

అలాగని కేబుల్ ఎప్పుడూ పాడవ్వదని కాదు. నాసిరకం కేబుల్, లేదా మరీ పొడుగు కేబుల్ మీద ఎక్కువ స్పీడు పంపితే కొన్ని అంకెలు దారిలో చెడిపోతాయి, అప్పుడేమవుతుందంటే స్క్రీన్ మీద అక్కడక్కడా తెల్ల చుక్కలు మిణుకుమిణుకుమంటాయి, లేదంటే గేమ్ ఆడుతుండగా స్క్రీన్ రెండు సెకన్లు నల్లగా పోయి మళ్లీ వస్తుంది, ఇంకా ముదిరితే నో సిగ్నల్ అని పడుతుంది. కేబుల్ చెడితే కనిపించేవి ఇవీ. రంగు వెలిసిపోవడం, బొమ్మ మెత్తబడడం కేబుల్ జబ్బు కాదు.

ఈ నమ్మకం గాల్లోంచి పుట్టలేదు, అదీ చెప్పాలి. 2006లో పీఎస్3 వచ్చినప్పుడు దాంతో డబ్బాలో ఇచ్చింది పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులుండే పాత ఏవీ కేబుల్. హెచ్‌డీ కన్సోల్ కొని, హెచ్‌డీ టీవీ కొని, ఆ పసుపు పిన్నుతోనే నెలల తరబడి ఆడినవాళ్లు ఎంతోమంది, తర్వాత ఎవరో చెబితే హెచ్‌డీఎంఐ వేసేసరికి బొమ్మ ఒక్కసారిగా కడిగినట్టు అయిపోయేది. కేబుల్ మారిస్తే బొమ్మ మారుతుంది అని వాళ్లు కళ్లారా చూశారు, అది నిజం కూడా. కానీ అక్కడ మారింది కేబుల్ రకం. హెచ్‌డీఎంఐ తీసి మళ్లీ హెచ్‌డీఎంఐయే వేస్తే ఆ మేజిక్ రాదు.

సరే, మరి మీ టీవీలో నలుపు బూడిదగా ఎందుకుంది? నా అనుమానం ముందుగా హెచ్‌డీఆర్ మీద, అంటే వెలుగుకీ చీకటికీ తేడా పెంచి చూపించే పద్ధతి మీద. పీఎస్5లో సెట్టింగ్స్, స్క్రీన్ అండ్ వీడియో, వీడియో అవుట్‌పుట్ లోకి వెళ్లండి, అక్కడ హెచ్‌డీఆర్ 'ఆల్వేస్ ఆన్' అని ఉంటే 'ఆన్ వెన్ సపోర్టెడ్' చెయ్యండి. ఆల్వేస్ ఆన్‌లో ఉంటే హెచ్‌డీఆర్ లేని గేముల్ని కూడా కన్సోల్ హెచ్‌డీఆర్‌గా మార్చి పంపుతుంది, వెలుగు తక్కువ ఉన్న బడ్జెట్ టీవీల్లో అది పాలిపోయినట్టు కనిపిస్తుంది. డబ్బా మీద హెచ్‌డీఆర్ అని రాసుంటుంది గానీ ఆ వెలుగు ఇచ్చే సత్తా ప్యానెల్‌కి ఉండదు. అలాంటి టీవీ అయితే హెచ్‌డీఆర్ పూర్తిగా ఆఫ్ చేసి చూడండి, చాలాసార్లు అదే బాగుంటుంది.

అది కాకపోతే అదే మెనూలో ఆర్‌జీబీ రేంజ్ అని ఉంటుంది. ఫుల్ అంటే ఇందాక చెప్పిన ఆ రంగుల అంకెలు 0 (నలుపు) నుంచి 255 (తెలుపు) దాకా, లిమిటెడ్ అంటే 16 నుంచి 235 దాకా. టీవీలో కూడా ఇలాంటిదే బ్లాక్ లెవెల్ అనో హెచ్‌డీఎంఐ రేంజ్ అనో ఉంటుంది. కన్సోల్ లిమిటెడ్ పంపుతూ ఉండగా టీవీ దాన్ని ఫుల్ అనుకుంటే 16 అంకెని నలుపుగా కాక ముదురు బూడిదగా చూపిస్తుంది, అచ్చం మీరు రాసినట్టే. తిరగబడితే చీకటి సీన్లలో వివరాలు మొత్తం నల్లగా మునిగిపోతాయి. రెండు వైపులా ఆటో పెట్టండి, కుదరకపోతే రెండూ ఒకేలా ఉండేట్టు చెయ్యండి. టీవీలో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకి పూర్తి స్పీడు విడిగా ఆన్ చెయ్యాల్సి రావచ్చు, శాంసంగ్‌లో దాన్ని ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అంటారు, ఎల్‌జీలో డీప్ కలర్ అని ఉంటుంది, సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్. ఇది ఆఫ్‌లో ఉంటే ఏ కేబుల్ వేసినా 4కేలో హెచ్‌డీఆర్ సరిగ్గా రాదు. పనిలో పనిగా గేమ్ మోడ్ కూడా ఆన్ చెయ్యండి, బటన్ నొక్కాక రియాక్షన్ లేటవడం తగ్గుతుంది. కన్సోల్‌కీ టీవీకీ మధ్యలో పాత సౌండ్‌బార్ పెట్టి దాని గుండా బొమ్మ పంపుతుంటే దాన్ని తీసి నేరుగా టీవీకి పెట్టి చూడండి.

ఇవన్నీ చేశాక కూడా మీ ఫ్రెండ్ టీవీ బాగుంటే అది ప్యానెల్ తేడా, అతనిది ఓఎల్ఈడీ (ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలిగి ఆరే ప్యానెల్) అయితే ఆ నలుపు మీ టీవీలో రాదు, అందులో మీ తప్పూ లేదు, కేబుల్ తప్పూ లేదు. రేపెప్పుడైనా 120 హెర్ట్జ్ టీవీ కొన్నా ఈ కేబులే సరిపోతుంది. పొరపాటున పోగొట్టుకుని కొత్తది కొనాల్సొస్తే 8కే అనే అక్షరాలు నమ్మకండి, ఎవరైనా ముద్రించుకోవచ్చు, ప్యాకెట్ మీద అల్ట్రా హై స్పీడ్ అనే సర్టిఫికేషన్ లేబుల్, దాని మీద స్కాన్ చేసే క్యూఆర్ కోడ్ ఉందో లేదో చూడండి.

ప్రశ్న: మాది నెల్లూరు, చెన్నైలో సెటిలయ్యి చాలా ఏళ్లయింది. కాలేజీ రోజుల్లో బర్మా బజార్లో కొన్న పీఎస్2 ఇంకా పనిచేస్తోంది. పిల్లలకి చూపిద్దామని దాని పాత పసుపు పిన్ను కేబుల్‌తోనే కొత్త ఎల్ఈడీ టీవీకి పెడితే బొమ్మంతా మసగ్గా, అక్షరాల అంచుల్లో చుక్కలు పాకుతున్నట్టు ఉంది. దీనికైనా కేబుల్ మారిస్తే ఉపయోగం ఉంటుందా?
— ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: ఉంటుందమ్మా, ఇక్కడ ఖచ్చితంగా ఉంటుంది. మీరు వాడుతున్న పసుపు పిన్ను కాంపోజిట్, అందులో వెలుగు సమాచారం, రంగు సమాచారం రెండూ ఒకే తీగలో కలిపి పంపుతారు, టీవీ మళ్లీ వాటిని విడదీసుకోవాలి, పూర్తిగా విడదీయలేక మిగిలిపోయేదే ఆ పాకే చుక్కలు. పీఎస్2కి కాంపోనెంట్ కేబుల్ దొరుకుతుంది, బొమ్మకి ఆకుపచ్చ, నీలం, ఎరుపు మూడు పిన్నులు విడిగా ఉంటాయి, అది పెడితే చుక్కలు పోతాయి, అక్షరాలు తేరుకుంటాయి, ఎరుపు రంగు పక్కకి కారడం ఆగుతుంది. కేబుల్ మీద పెట్టిన డబ్బుకి ఫలితం కళ్లకి కనిపించేది ఇలాంటి చోటే.

కొనే ముందు టీవీ వెనక చూసుకోండి, కొత్త టీవీల్లో చాలావాటికి కాంపోనెంట్ ఇన్‌పుట్ తీసేశారు. ఉంటే ఒక జాగ్రత్త, ముందు పసుపు పిన్నుతోనే పీఎస్2 ఆన్ చేసి, డిస్క్ పెట్టకుండా సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో కాంపోనెంట్ వీడియో అవుట్ దగ్గర ఆర్‌జీబీ అని ఉంటే దాన్ని తీసి వై సీబీ సీఆర్ అని మొదలయ్యే రెండోది పెట్టండి, ఆ తర్వాతే కేబుల్ మార్చండి, లేకపోతే రంగులన్నీ తేడాగా వచ్చి కేబుల్ పాడైందనుకుంటారు. ఇన్‌పుట్ లేకపోతే పీఎస్2 వెనక గుచ్చే చిన్న హెచ్‌డీఎంఐ అడాప్టర్లు ఉన్నాయి, అవి లోపల ఆ కాంపోనెంట్ సిగ్నల్‌నే తీసుకుని మారుస్తాయి కాబట్టి పసుపు పిన్ను కంటే నయం. దానికి కూడా సెట్టింగ్ ఇలాగే మార్చాలి, అడాప్టర్ కాగితంలో ఏది పెట్టమన్నాడో చూసి పెట్టండి.

కొన్ని గేముల్లో ప్రోగ్రెసివ్ స్కాన్ (బొమ్మలో గీతలన్నీ ఒకే విడతలో వేసే పద్ధతి) కూడా ఉంది, గేమ్ మొదలయ్యేటప్పుడు ట్రయాంగిల్, ఎక్స్ రెండూ కలిపి నొక్కి పట్టుకుంటే అడుగుతుంది, దాంతో గీతలు వణకడం కూడా పోతుంది. పాల్ (PAL, మన దేశంలో వాడిన టీవీ పద్ధతి) డిస్కుల్లో చాలావాటికి ఆ ఆప్షన్ తీసేశారు, రాకపోతే కంగారు పడకండి. ఇంత చేసినా అది హెచ్‌డీ అయిపోదు, పీఎస్2 గేములు గీసిందే ఆనాటి గుండ్రటి డబ్బా టీవీలకి. మీ ఇంట్లోనో చుట్టాలింట్లోనో అలాంటి పాత సీఆర్‌టీ డబ్బా టీవీ మూలన పడి ఉంటే దానికి పెట్టి పిల్లలకి చూపించండి, నన్నడిగితే పీఎస్2కి అంతకంటే మంచి స్క్రీన్ లేదు.

ప్రశ్న: వైట్‌ఫీల్డ్‌లో కొత్త ఫ్లాటు, హాల్లో ప్రొజెక్టర్. కన్సోల్ నుంచి దానికి 12 మీటర్ల కేబుల్ గోడలోంచి లాగాలి. ఎలక్ట్రీషియన్ మామూలు హెచ్‌డీఎంఐ చాలంటున్నాడు.
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: 4కేకి 12 మీటర్లు మామూలు రాగి కేబుల్ మీద నమ్మకం పెట్టుకోలేం. ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ తీసుకోండి, లోపల ఫైబర్ ఉంటుంది. దానికి దిక్కు ఉంటుంది, సోర్స్ అని రాసిన కొస కన్సోల్ వైపు, డిస్‌ప్లే అని రాసిన కొస ప్రొజెక్టర్ వైపు రావాలి, తిప్పి లాగితే పనిచెయ్యదు. గోడలోకి పంపకముందే నేల మీద పరిచి రెండు వైపులా పెట్టి గంటసేపు ఆడి చూడండి. నేరుగా ప్లాస్టరింగ్‌లో పూడ్చనివ్వకండి, కనెక్టర్ పట్టేంత వెడల్పు పైపు వేయించి అందులో ఒక లాగుడు తీగ వదిలేయమనండి, రేపు కేబుల్ పోతే గోడ పగలగొట్టకుండా మార్చుకోవచ్చు.