ఉచ్ఛ్వాసం లోపలికా, బయటికా?

సందేహం: ఈమధ్య విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లాను. ముక్కుపుటాల దగ్గర ఊపిరిని గమనించమన్నారు. మా మిత్రుడు బర్మా బౌద్ధ భిక్షువు మహాసి సయాడో పద్ధతిలో నేర్చుకున్నాడు, అక్కడ పొట్ట పొంగడం, తగ్గడం చూడమన్నారట. అది అలా ఉంచి, ఊపిరిని గమనించే బౌద్ధ ధ్యానం ఆనాపానసతిలో మొదట చెప్పేది ఉచ్ఛ్వాసమా, నిశ్వాసమా? ఉచ్ఛ్వాసం అంటే పీల్చడమేనా? నిఘంటువు చూస్తే అయోమయం ఇంకా పెరిగింది.

సమాధానం: ఈ అయోమయం మీతో మొదలైంది కాదు. ఈ ధ్యానాన్ని చెప్పిన సుత్తంలో, అంటే పాళీ భాషలోని బుద్ధుడి ఉపదేశంలో, ఉన్న మాటలు అస్సాస, పస్సాస. 5వ శతాబ్దిలో శ్రీలంకలోని అనురాధపురంలో విసుద్ధిమగ్గం అనే ధ్యాన గ్రంథం రాసిన బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడికీ ఇదే చిక్కు వచ్చింది. వినయ అట్ఠకథ (భిక్షువుల నియమాలకు రాసిన వ్యాఖ్య) అస్సాస అంటే బయటికి పోయే గాలి అంటుంది, సుత్తాల అట్ఠకథలు లోపలికి వచ్చేదంటాయి. ఆయన రెండూ చెప్పి ఊరుకున్నాడు. తల్లి కడుపులోంచి బయటపడిన బిడ్డకు ముందు లోపలి గాలి బయటికి పోతుందనీ, ఆ తర్వాతే బయటి గాలి సన్నటి దుమ్ముతో సహా లోపలికొచ్చి అంగిలికి తగులుతుందనీ రాశాడు. చూడబోతే ఆయన మొగ్గు వినయ అట్ఠకథ వైపే అనిపిస్తుంది.

ఇంతకీ ఈ అస్సాస మనకు కొత్త మాట కాదండీ. సంస్కృతంలో ఆశ్వాసం. మన భారతంలో పర్వాన్ని విడగొట్టేది ఆశ్వాసాలుగానే కదా! ఊపిరి పీల్చుకోవడం, తెరిపిన పడటం, ఊరట అన్నీ అందులో ఉన్నాయి. చదివేవాడూ వినేవాడూ కాస్త ఆగి సేదతీరే చోటు అది. ఆదిపర్వంలో అలాంటివి ఎనిమిది. అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసం నడుమ నన్నయ ఆగిపోతే మిగతాది ఎర్రన పూరించాడు. సంస్కృత కవి బాణుడు హర్షచరిత్రలో అధ్యాయాన్ని ఉచ్ఛ్వాసం అన్నాడు. ఊపిరితో కథను కొలిచే అలవాటు మనవాళ్లకు అంత పాతది. ఇప్పుడేమో 'చాప్టర్', ధ్యానానికి పోతే 'బ్రీతింగ్ సెషన్'!

ఇక నిఘంటువు సంగతి. సంస్కృతంలో ఉచ్ఛ్వాసానికి ఊపిరి వదలడం, నిట్టూర్చడం అనే అర్థాలూ ఉన్నాయి. తెలుగు పాఠ్యపుస్తకాలు మాత్రం ఉచ్ఛ్వాసం పీల్చడం, నిశ్వాసం వదలడం అని స్థిరపరిచాయి. పిల్లల పరీక్షకు అదే రాయించండి. ధ్యానం నేర్పేవారు ఈ రెండు మాటలూ పక్కనపెట్టి 'ఊపిరి లోపలికి, ఊపిరి బయటికి' అంటే గొడవే లేదు. కరపత్రాల్లో 'ఉచ్వాస' అని అచ్చేసేవారికి ఇది మరీ క్షేమం.

నిట్టూర్పులోని ఊర్పు అచ్చతెనుగు ఊపిరే. ఆనాపానసతిలోని సతి ఇల్లాలు కాదు, స్మృతి. 'మైండ్‌ఫుల్‌నెస్' అని నోరు తిరగక అవస్థపడేకన్నా ఎరుక అనండి. ముక్కు దగ్గరా, పొట్ట దగ్గరా అన్న తగవు మాత్రం నా దగ్గరికి తేకండి. వ్యాకరణానికి రెండూ సాధువులే.