ముందు ఒక్క మొనను నిలబెట్టు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

బుల్లి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కోసం చిప్ మీద ఎమిటర్లు, అంటే ఎలక్ట్రాన్లను వదిలే సూది మొనలు చేస్తున్నావని తెలిసి చాలా సంతోషించానమ్మా. వేల మొనలు పెట్టి కరెంటు పెంచాలన్న నీ ఆలోచన మాత్రం ఒప్పుకోలేను. 1968లో స్పిండ్ట్ అనే శాస్త్రవేత్త మాలిబ్డినం లోహపు శంకువులతో చేసిన క్యాథోడ్ (ఎలక్ట్రాన్లు వదిలే భాగం) చూసి, అలాంటి వరసలతో డిస్‌ప్లేలు చేయాలని ఎందరో శ్రమించారు. తెర మొత్తం వెలగాలంటే అది సరే. నీకేమో కిరణం నానోమీటర్ల చుక్కగా కుదరాలి. మొనలు పరుచుకుని ఉంటే ఎలక్ట్రాన్లు బయల్దేరే చోటే వెడల్పవుతుంది, తర్వాత ఏ లెన్సు పెట్టినా లాభం లేదు. ఒక్క మొన చాలు, అది నిలకడగా ఉండాలి.

మొన పదును వల్లే వంద వోల్టులు అటూ ఇటూగా ఇస్తే చాలు, ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. కానీ ఆ పదునుకు పెద్ద శత్రువు గాలి. పీడనం టార్‌లో (అది పీడనపు కొలత) వంద కోట్లో వంతుకు దిగేదాకా గేటుకు, అంటే మొన చుట్టూ ఉండి ఎలక్ట్రాన్లను లాగే లోహపు పొరకు, వోల్టేజీ ఇవ్వకు. చిన్న ఛాంబర్‌లో గోడల నుంచి ఊరే వాయువే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, కాబట్టి బేకింగ్ దగ్గర, అంటే ఛాంబర్‌ను వేడిచేసి ఆ వాయువును వెళ్లగొట్టే దగ్గర తొందరపడకు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు అతి చిన్న కరెంటును కొలిచే పికోఅమ్మీటర్ మీదే కన్నుండాలి. కరెంటు మెట్లు మెట్లుగా ఎగిరి పడుతుంటుంది. ఒక్కో వాయు అణువు మొన మీద వాలి లేచిపోతుంటే అలాగే ఉంటుంది, కంగారు పడకు. వోల్టేజీ కదపకుండా కాసేపు వదిలెయ్. కదపకుండానే కరెంటు పైపైకి పాకుతుంటే మాత్రం వెంటనే తగ్గించు. ఆలస్యం చేశావంటే ఆర్క్, అంటే మెరుపులా పెద్ద కరెంటు దూకడం, వస్తుంది. ఆ తర్వాత మొన ఉన్న చోట కరిగిన గుంట, చుట్టూ పైకి లేచిన గేటు లోహం, అంతే మిగులుతుంది. అందుకే చిప్‌కు వీలైనంత దగ్గర్లో సిరీస్‌గా పెద్ద రెసిస్టర్ పెట్టు. మొన కిందే రెసిస్టివ్ సిలికాన్ పొర వేయగలిగితే ఇంకా మంచిది.

గేటులోకి పోయే కరెంటును, యానోడ్‌కు (ఎలక్ట్రాన్లను అందుకునే ఎదుటి పలకకు) చేరే కరెంటును విడివిడిగా కొలువు. క్యాథోడ్ కరెంటు ఒక్కటే చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, తీరా అందులో సగం గేటే మింగేస్తుండవచ్చు. వోల్టేజీతో మొన కరెంటు ఎలా మారుతుందో గీతగా చూపే ఫౌలర్-నార్డ్‌హైమ్ గ్రాఫు రోజూ గీసుకో. గీత వాలు రోజురోజుకీ నిటారవుతుంటే మొన మొద్దుబారుతుందేమో చూడాలి.

మొదటి వారం గ్రాఫులు వచ్చాక పంపు, ఫోన్‌లో మాట్లాడుకుందాం. లెన్సుల పని అప్పటిదాకా మొదలుపెట్టకు.

మీ మామయ్య