పోర్ట్ బ్లెయిర్ వేసవిలో ఒక్క ఇల్లు నీళ్లు పొదుపు చేస్తే లాభం ఉంటుందా?

పోర్ట్ బ్లెయిర్‌కి (2024 నుంచి అధికారికంగా శ్రీ విజయపురం) బదిలీ మీద వస్తున్నామనీ, ఎండాకాలంలో కుళాయి కొన్ని రోజులకోసారే వస్తుందని విన్నామనీ, మా ఒక్క ఇల్లు పొదుపు చేస్తే ఏం ఒరుగుతుందనీ అడిగారు. చాలా ఏళ్లుగా ఇక్కడే కాపురం ఉంటున్నాను. తప్పకుండా లాభం ఉంటుంది, అదీ మీ పక్కింటివాళ్లకే ముందు తెలుస్తుంది.

ఇక్కడ ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కానీ జనవరి నుంచి ఏప్రిల్ దాకా చినుకు అరుదు. ఊరికి ప్రధాన ఆధారం ధనీకారి డ్యామ్. డిసెంబరు నాటికి అందులో ఉన్న నీళ్లతోనే మే నెల వానలదాకా నెట్టుకురావాలి. చుట్టూ సముద్రం, పక్క జిల్లా నుంచి తెచ్చుకునే దారి లేదు. అందుకే మేం ఏప్రిల్ దాకా ఆగం, సంక్రాంతి వెళ్లగానే పొదుపు మొదలుపెడతాం.

ఊరంతా ఎత్తుపల్లాలే. నీళ్లు వదిలిన రోజు పల్లంలో ఇళ్ల ట్యాంకులు నిండితే గానీ గుట్ట మీద ఇళ్లకి ప్రెషర్ అందదు. మా ట్యాంకులో అప్పటికే సగం నీళ్లు మిగిలి ఉంటే, మిగతా సగం నింపుకుని వాల్వు కట్టేస్తాం. ఆ నీళ్లు పైకి ఎక్కుతాయి. పైపుకి నేరుగా మోటారు పెట్టి లాగొద్దని మా వీధివాళ్లం మాట్లాడుకుని మానేశాం. ఎవరూ చెప్పి చేయించలేదు. పై ఇంటి పెద్దావిడ బిందెతో దిగి రావడం చూశాక ఎవరికీ మనసొప్పలేదు.

ఇంట్లో చేసేవి చిన్న పనులే. షవర్ కట్టేసి ఒక్క బకెట్‌తో స్నానం. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు అరటి చెట్టుకి. అన్నిటికన్నా ఎక్కువ కలిసొచ్చేది వాషింగ్ మెషీన్ ఆఖరిసారి జాడించిన నీళ్లు పట్టి ఉంచి ఫ్లష్‌కి బదులు టాయిలెట్‌లో పోయడం. ఫ్లష్ నొక్కితే ప్రతిసారీ ఆరు నుంచి పది లీటర్లు పోతాయి మరి. చేతులు కడుక్కునే దగ్గర, పసిపిల్లలు, ముసలివాళ్ల అవసరాల దగ్గర మాత్రం అస్సలు పిసినారితనం చేయకండి. జబ్బు చేస్తే అంతకంటే ఎక్కువ నీళ్లు కావాలి.

నిల్వ చేసే డ్రమ్ములకి గట్టి మూతలు ఉండాలి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి మంచినీళ్లలోనే. వారానికోసారి డ్రమ్ము అడుగూ అంచులూ పీచుతో రుద్ది కడగాలి. నీళ్లు వృథా అనిపిస్తుంది కానీ తప్పదు. కడిగినవి మొక్కలకి పోయండి.

ఇక వాన నీళ్లు. వంద చదరపు మీటర్ల రేకుల మీద పది మిల్లీమీటర్లు పడితే లెక్క ప్రకారం వెయ్యి లీటర్లు. కొంత చింది పోయినా మిగిలేది తక్కువేం కాదు. ఎండాకాలం మధ్యలో ఒక్క జల్లు పడినా వదులుకోం. మొదటి కాసేపటి నీళ్లలో దుమ్మూ పిట్టల రెట్టా ఉంటాయి, వాటిని పారబోసి తర్వాతవి పట్టండి. బట్టలకీ బాత్రూమ్‌కీ ఇవే వాడతాం, తాగడానికి కాదు.

అద్దె ఇల్లు చూసేటప్పుడు గదులకంటే ముందు ట్యాంకు ఎన్ని లీటర్లో, ఇల్లు గుట్ట మీదుందో పల్లంలో ఉందో, రేకులకి వాన నీళ్ల గొట్టం ఉందో లేదో అడగండి. గొట్టం లేకపోతే అడ్వాన్స్ ఇచ్చే ముందే పెట్టించమనండి.