ఆర్‌వీ కాపురంలో బట్టల ఉతుకుడు: మిషన్ పెట్టించి, తొమ్మిది నెలలకే తీయించేసిన మా కథ

మీ ప్రశ్న మావారికి చదివి వినిపించాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఎందుకంటే ఆర్‌వీ, అంటే చక్రాల మీద ఇల్లు, కొనే రోజుల్లో మేమూ ఇదే పట్టుకుని నెల రోజులు కొట్టుకున్నాం. మీరు అడిగింది ఇదీ: అమెరికాలో ఇల్లు ఖాళీ చేసి పూర్తిగా ఆర్‌వీలోకి మారుతున్నారు, మీ ఇద్దరూ, ఆరేళ్ల పాప. బెడ్‌రూమ్ అల్మరాలో వాషర్, డ్రయ్యర్ కలిసిన మిషన్ పెట్టిస్తానని డీలరు అంటున్నాడు. పెట్టించుకోవాలా, లాండ్రోమాట్‌కి (డబ్బులు వేసి బట్టలు ఉతుక్కునే మిషన్ల షాపుకి) తిరగాలా అని.

ఇప్పుడే పెట్టించకండి. మూడు నెలలు తిరిగాక ఆలోచించుకోండి. "ఈ వారంలో అయితే డిస్కౌంట్" అంటాడు, అననివ్వండి. ఆ అల్మరాలో నీళ్ల కనెక్షన్, మురుగు గొట్టం, ప్లగ్గు ఉన్నాయో లేదో మాత్రం చూసుకోండి. అవి ఉంటే మిషన్ ఎప్పుడైనా బిగించుకోవచ్చు.

మేం పెట్టించుకున్నాం. బిగింపుతో కలిపి దాదాపు 1,500 డాలర్లు అయింది. తొమ్మిది నెలలు వాడి తీయించేశాం. ఇప్పుడు ఆ చోట బియ్యం బస్తా, పప్పుల డబ్బాలు, మావాడి లెగో బొమ్మలు ఉన్నాయి.

మిషన్ చెడ్డదేం కాదు. మా తిరుగుడుకి సరిపడలేదు, అంతే. ఒకే డ్రమ్ములో ఉతుకుతుంది, అందులోనే ఆరబెడుతుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఉతికినన్ని బట్టలూ అది ఆరబెట్టలేదు, అందులో సగమే వేయాలి. మూడు జతల బట్టలు, రెండు తువ్వాళ్లు వేస్తే నాలుగు గంటలు పట్టేది. తీరా తలుపు తీస్తే తువ్వాళ్లు ఇడ్లీ రేకుల మీంచి తీసిన గుడ్డల్లా వెచ్చగా, చెమ్మగా ఉండేవి. పైగా మాది గోడకి బెజ్జం పెట్టక్కర్లేని రకం. ఆ రకంలో బట్టల్లోంచి వచ్చే ఆవిరిని చల్లార్చడానికి చన్నీళ్లు పారిస్తుంది. అంటే ఆరబెట్టడానికి కూడా నీళ్లు తాగుతుందన్నమాట. ఈ సంగతి కొన్నాకే తెలిసింది.

ఇంక కరెంటు. మా ఆర్‌వీ 50 ఆంప్స్‌ది, కానీ ఆర్‌వీలు నిలుపుకునే పాత పార్కుల్లో చాలాచోట్ల 30 ఆంప్స్ ప్లగ్గే దొరుకుతుంది. అడాప్టర్ పెట్టుకుని సర్దుకోవాలి. 50 ఆంప్స్ అంటే రెండు లైన్లు కలిపి 12,000 వాట్ల దాకా వస్తుంది, 30 ఆంప్స్ అంటే 3,600 వాట్లే. పేరులో తేడా 20, చేతికొచ్చేసరికి మూడోవంతు కూడా లేదు. గీజరు కరెంటు మీద పెడితే 1,400 వాట్ల పైచిలుకు. పైన ఏసీ ఇంచుమించు అంతే. మిషన్ ఆరబెట్టడం మొదలుపెడితే అదీ అంతే. లెక్క వేస్తే అప్పటికే దాటిపోయింది. నేను ఇన్‌స్టంట్ పాట్ కరెంటు కుక్కర్లో పప్పు పెట్టడం, టప్పున అన్నీ ఆరిపోవడం. మావారు సరిగ్గా ఆఫీసు మీటింగులో ఉండేవారు. "ఈ పూట పప్పా, బట్టలా?" అని ముందే అడిగి లాగిన్ అయ్యే అలవాటు అప్పుడే పడింది ఆయనకి.

అసలు తగాదా మాత్రం గ్రే ట్యాంకుతో వచ్చింది. మీరు కొత్త కాబట్టి చెబుతున్నాను: సింకు, షవర్ నీళ్లు పోయేది గ్రే ట్యాంకులోకి, టాయిలెట్‌ది వేరేగా బ్లాక్ ట్యాంకులోకి. మా షవర్ వైపు గ్రే ట్యాంకు 40 గ్యాలన్లు, అంటే 150 లీటర్లు. మిషన్ మురుగు కూడా అందులోకే. న్యూ మెక్సికోలో ఒక పార్కులో ఉన్నప్పుడు వరుసగా ముగ్గురం స్నానాలు చేశాం, ఆపైన నేను జీన్స్ వేశాను. ట్యాంకు ఖాళీ చేసే వాల్వు మూసి ఉంది. నేను ముందువైపు భోజనాల బల్ల దగ్గర కూర్చుని మావాడికి లెక్కలు చెప్తున్నాను. "అమ్మా, బాత్‌రూమ్‌లో నీలం నురగ వస్తోంది" అన్నాడు వాడు. ఆటలాడుతున్నాడనుకున్నాను. వెళ్లి చూస్తే షవర్ జాలీలోంచి బుడగలు బుడగలుగా నీలం సబ్బు నీళ్లు పైకి తన్నుతున్నాయి. గట్టు దాటి కార్పెట్ అంచుదాకా వచ్చేశాయి. పొయ్యడానికి చోటు లేక ట్యాంకు వెనక్కి కక్కేసింది. మావారు మీటింగు వదిలేసి పరుగెత్తుకెళ్లి వాల్వు తెరిచారు. కార్పెట్ కింద చెక్క ఉబ్బకుండా రెండు రోజులు ఫ్యాన్లు తిప్పాం.

మిషన్ ఉన్నవాళ్లు పార్కులో సీవర్ (మురుగు కాలువ) గొట్టం తగిలించి, ఉతికినంతసేపూ గ్రే వాల్వు తెరిచే ఉంచుతారు. అది మాకు తెలీక కాదు, మర్చిపోయాం. బ్లాక్ వాల్వు మాత్రం ఎప్పుడూ తెరిచి వదలకండి. నీళ్లు జారిపోయి గట్టిది అడుగున పేరుకుపోతుంది. ఆ కథ ఇంకో రోజు.

అప్పుడే నాకు ఒక సంగతి బుర్రకెక్కింది. ఆర్‌వీలో బట్టలు ఉతకడం పెద్ద పనే కాదు. బకెట్లో సర్ఫు వేసి అరగంట నానబెట్టి, నాలుగు దెబ్బలు వేసి జాడిస్తే పోయే మురికే మనది. కష్టమంతా పిండటంలో ఉంది. చేత్తో పిండిన టీషర్టు నీళ్లోడుతూనే ఉంటుంది. దాన్ని లోపల ఆరేస్తే అద్దాల మీద చెమ్మ, ఆ చెమ్మ పరుపు కిందకి చేరి బూజు. చలికాలంలో ఒకసారి పరుపు ఎత్తి చూశాను, చెక్క నల్లగా మచ్చలు కట్టి ఉంది. బయట ఆరేద్దామంటే చాలా పార్కుల్లో దండెం కట్టకూడదని రూలు. మా అమ్మ వీడియో కాల్లో విని, "అంత పెద్ద దేశంలో ఒక దండేనికి దిక్కు లేదటే?" అంది.

కాబట్టి మేం కొన్నది పిండే మిషన్. ఇండియాలో సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మిషన్‌కి పక్కన గిరగిరా తిరిగే చిన్న గొయ్యి ఉంటుంది చూడండి, మనం డ్రయ్యర్ అంటాం. అది ఒక్కటే విడిగా, చిన్న డ్రమ్ములా అమ్ముతారు. ఇక్కడ దాన్ని స్పిన్ డ్రయ్యర్ అంటారు. మాది నిమిషానికి 3,200 చుట్లు తిరుగుతుంది, 300 వాట్లు మించదు. వేడి చేయదు కాబట్టి కరెంటు గొడవే లేదు. షవర్‌లో పెట్టి మూడు నిమిషాలు తిప్పితే ముందున్న మూతిలోంచి నీళ్లు ధారగా కారతాయి. దాని కింద ఒక గిన్నె పెట్టుకోండి. మొదటిసారి నేను చేత్తో గట్టిగా పిండానని గొప్పగా వేసిన లుంగీలోంచి పెద్ద చెంబుడు నీళ్లు వచ్చాయి. మావారు ఆ చెంబు ఎత్తి చూపించి ఏమీ అనలేదు. బట్టలు సమంగా సర్దకపోతే మాత్రం దయ్యం పట్టినట్టు ఎగురుతుంది. తీసి మళ్లీ సర్దాలి.

అరిజోనా ఎండలో అలా పిండిన టీషర్టు గంటలో ఆరిపోతుంది. టెక్సాస్ సముద్రతీరంలో, గాల్వెస్టన్ వైపు, అదే టీషర్టుకి రాత్రంతా చాలదు, తువ్వాలైతే ముక్కవాసన కొడుతుంది. అక్కడ మేం పంతానికి పోం, నేరుగా లాండ్రోమాటే.

మా పద్ధతి ఇప్పుడు ఇలా స్థిరపడింది. లోపలి బట్టలు, పిల్లాడివి, వంట దగ్గర గుడ్డలు రెండు రోజులకోసారి బకెట్లో. దుప్పట్లు, జీన్స్, తువ్వాళ్లు పది రోజులకోసారి లాండ్రోమాట్‌లో. అక్కడ పెద్ద మిషన్లు రెండు పట్టుకుంటే గంటన్నరలో మొత్తం అయిపోతుంది. మాకు ఒక విడతకి 20 నుంచి 25 డాలర్లు అవుతోంది. పార్కు లోపలి లాండ్రీ గది చవకే కానీ మిషన్లు రెండో మూడో ఉంటాయి. ఆదివారం సాయంత్రం వెళ్తే మన వంతు వచ్చేసరికి తెల్లారుతుంది. మంగళవారం, బుధవారం పొద్దున్నే ఖాళీ. దారిలో ఉన్నప్పుడు పెద్ద ట్రక్ స్టాపుల్లో చాలావాటిలో లాండ్రీ ఉంటుంది, డీజిల్ కొట్టించుకునే చోటే పని అయిపోతుంది.

చిల్లర సంగతి: చాలాచోట్ల యాప్, కార్డు వచ్చేశాయి. కానీ చిన్న ఊళ్లలో ఇప్పటికీ క్వార్టర్లే దిక్కు. బ్యాంకులో అడిగితే 10 డాలర్లకి 40 క్వార్టర్ల చుట్ట ఇస్తారు. మేం రెండు చుట్టలు పాత హార్లిక్స్ సీసాలో దాస్తాం. అవి వేరే దేనికీ ముట్టుకోకూడదని ఇంట్లో చట్టం.

డ్రయ్యర్లో బట్టలు వేసేముందు లోపల చెయ్యి పెట్టి తడిమి చూడండి. నేను చూడలేదు. ముందెవరి జేబులోనో క్రేయాన్ ఉండిపోయినట్టుంది, వేడికి కరిగి డ్రమ్ము గోడకి అంటుకుంది. సంక్రాంతికి కట్టుకోవడానికి మావారు దాచుకున్న తెల్ల పంచె మీద ఎర్రగా చారలు. అప్పట్నుంచీ తడి టిష్యూతో డ్రమ్ము తుడిచి, తెల్లగా వస్తేనే వేస్తాను. వాషర్లో కూడా ముందు బ్లీచ్ పోసినవాళ్ల మిగులు ఉంటుంది. రంగు బట్టలు వేసేముందు ముక్కు పెట్టి ఒకసారి వాసన చూడండి. మన కాటన్ కుర్తాలు డ్రయ్యర్లో హై వేడి మీద పెడితే కుంచించుకుపోయి పిల్లాడికి సరిపోతాయి.

మనవాళ్లకే ఉండే బాధ ఇంకొకటి ఉంది, అది ఇక్కడి వాళ్లెవరూ చెప్పరు. పోపు. మామూలు ఇంట్లో ఇంగువ వాసన వంటింట్లో ఆగుతుంది. ఆర్‌వీలో పొయ్యికీ బట్టల అల్మరాకీ మధ్య ఎనిమిది అడుగులు. ఉతికిన చొక్కా తొడుక్కుని ఆఫీసు కాల్‌లో కూర్చుంటే కెమెరాకి వాసన తెలియదు కాబట్టి సరిపోయింది గానీ, బయటికెళ్తే తెలుస్తుంది. పోపు పెట్టేముందు బెడ్‌రూమ్ తలుపు మూసి, పైన వెంట్ తెరిచి ఫ్యాన్ వేస్తాను. వేపుళ్లయితే బయట మడత బల్ల మీద ఇండక్షన్ స్టవ్ పెట్టి చేస్తాను. దీంతో మా ఉతుకుడు నిజంగానే తగ్గింది. ఒకసారి వేసుకున్న చున్నీ మళ్లీ వేసుకోగలుగుతున్నాను.

పసుపు మరకకి మాత్రం భయపడకండి. సబ్బు పెట్టి ఉతికి తడి మీదే ఎండలో పరచండి. పసుపు రంగు ఎండకి విరిగిపోతుంది. ఎడారిలో రెండు పూటల్లో మావాడి స్కూలు టీషర్టు మీద సాంబారు మరక నాకే కనబడకుండా పోయింది. లాండ్రోమాట్ డ్రయ్యర్‌లో వేసినదైతే అది ఓ పట్టాన వదలదు, వేడికి దారంలోకి పట్టేస్తుంది.

కనెక్షన్లు లేని చోట, ప్రభుత్వ భూముల్లో ఊరికే దిగుదామనుకుంటే నీళ్లే బంగారం. బీఎల్‌ఎమ్ (కేంద్ర ప్రభుత్వ భూముల శాఖ) భూముల్లో చాలాచోట్ల 28 రోజుల్లో 14 రోజులు ఉండనిస్తారు. అరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ దగ్గర లా పోసా లాంటి చోట్ల సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా పర్మిట్ మీద ఉండొచ్చు, నీళ్లు పట్టుకోవడానికి, ట్యాంకు ఖాళీ చేయడానికి వసతి ఉంటుంది. మేం అక్కడ శీతాకాలం గడిపినప్పుడు మూత ఉన్న బకెట్లో బట్టలు, సర్ఫు, నీళ్లు వేసి ట్రక్కు వెనక కట్టేసేవాళ్లం. ఊళ్లోకి సరుకులకి వెళ్లొచ్చేసరికి మట్టి రోడ్డు కుదుపులకి అవే ఉతుక్కునేవి. నేను పెట్టిన ఖర్చు జాడింపు నీళ్లే. ఆ మురికి నీళ్లు ట్యాంకులో పోసుకోండి, నేల మీద పోస్తే చాలాచోట్ల జరిమానా పడుతుంది.

పాప ఉందన్నారు కాబట్టి ఒక మాట. అర్ధరాత్రి వాంతి, పక్క తడపడం లాంటివి వస్తాయి. దానికి మిషన్ అక్కర్లేదు. పరుపు మీద వాటర్‌ప్రూఫ్ కవరు, మార్చుకోవడానికి రెండో దుప్పటి, బకెట్, పిండే మిషన్ ఉంటే తెల్లారేలోపు సర్దుకోవచ్చు. బట్టలు మనిషికి పది జతలు మించనివ్వకండి. పట్టుచీరలు మాత్రం నేను చెల్లెలింట్లో పెట్టాను, డాలస్‌లో. పెళ్లిళ్లు ఎలాగూ అక్కడే తగుల్తాయి.

మిషన్ ఎవరికి పనికొస్తుందంటే, ఒకే పార్కులో నెలల తరబడి 50 ఆంప్స్, సీవర్ కనెక్షన్ పెట్టుకుని కదలకుండా ఉండేవాళ్లకి. అప్పుడైనా ఒకదానిలో రెండున్నది వద్దు, చోటుంటే వాషర్, డ్రయ్యర్ విడివిడిగా ఒకదాని మీద ఒకటి పెట్టించుకోండి. గడ్డకట్టే చలికి వెళ్తే గొట్టాల్లో, పంపులో మిగిలిన నీళ్లు తీసేసి గులాబి రంగు ఆర్‌వీ యాంటీఫ్రీజ్ ఎక్కించాలి, లేదంటే పగులుతుంది. బరువు కూడా చూసుకోండి. మాది 150 పౌండ్ల దాకా ఉండేది. తీసేశాక మీరు ఊహించినట్టే ఆ బరువంతా నేను బియ్యంతో నింపేశాను.

మా మిషన్ సగం ధరకి అమ్మాం. కొన్నవాళ్లు రిటైరైన ఆలుమగలు, ఏడాది పొడుగునా ఒకే పార్కులో ఉంటారు. మొన్న అటు వెళ్లినప్పుడు పలకరించాం. ఆవిడ కాఫీ కలిపిస్తుంటే వెనక అల్మరాలో అది గుర్రుమంటూ తిరుగుతోంది. ఒక్క రిపేరు కూడా రాలేదట. మావారు నా వైపు చూశారు, నేను కాఫీ వైపు చూశాను.