‘డాంకె’ అంటే పళ్లెం వెనక్కి వెళ్లిపోతుంది

చదువుల కోసం జర్మనీ వెళ్తూ, అక్కడి కుటుంబాలతో ఉంటూ భాష నేర్చుకునేవాళ్ల ప్రశ్నలకు ఈ నెల జవాబులు.

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఎస్.కి ముందు మూడు నెలలు లైప్‌జిగ్‌లో ఒక కుటుంబంతో ఉండి జర్మన్ నేర్చుకుంటుంది. గుడ్డు కూడా ముట్టదు. తిండి, ఇంటి పద్ధతులు ఎలా ఉంటాయి? ఏం సర్ది పంపాలి?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: ‘వెజిటేరియన్’ అని ఒక్క మాట రాసి ఊరుకోవద్దమ్మా. గుడ్డు తింటుందనే అనుకుంటారు. మాంసం, చేప, గుడ్డు, మాంసం ఉడికించిన నీళ్లతో చేసిన సూప్, జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జిగురు) కలిసిన తీపి పదార్థాలు వద్దని పేరుపేరునా ముందే మెయిల్లో రాయించండి. చాలా ఇళ్లలో రాత్రి భోజనమంటే రొట్టె, చీజ్, నాలుగు కూరగాయ ముక్కలు. పొయ్యి వెలిగించరు. అన్నం కావాలంటే వారంలో ఏ రోజు, ఏ వేళకు వంటగది వాడుకోవచ్చో మొదటి వారమే అడిగి ఖాయం చేసుకోవాలి.

మన మొహమాటం అక్కడ కడుపు మాడుస్తుంది. ‘ఇంకొంచెం వేయనా?’ అన్నప్పుడు మనం మర్యాదకు వద్దంటాం, రెండోసారి అడుగుతారని చూస్తాం. వాళ్లు అడగరు, వద్దంటే వద్దనే అర్థం. ఇంకో చిక్కుంది. వడ్డించబోతుంటే ఉత్తి ‘డాంకె’ (కృతజ్ఞతలు) అన్నా వద్దన్నట్టే లెక్క, పళ్లెం వెనక్కి వెళ్లిపోతుంది. కావాలంటే ‘యా, గెర్నె’ అనాలి. అమ్మాయి చేత ఈ రెండు మాటలూ ఇక్కడే పది సార్లు అనిపించండి.

పోపు పెట్టేటప్పుడు వంటింటి తలుపు మూసి, పొగ లాగే ఫ్యాన్ వేసి, కిటికీ బార్లా తెరవాలి. ఇంగువ వాసన కోట్లకు పడితే రోజుల తరబడి పోదు. చలికాలంలోనైనా రోజుకు రెండు మూడు సార్లు హీటర్ ఆపి, కిటికీలు అయిదు పది నిమిషాలు పూర్తిగా తెరవడం అక్కడి పద్ధతి. దీన్ని ల్యూఫ్టెన్ అంటారు. రోజంతా కిటికీ పైభాగం కొంచెం లోపలికి వంచి వదిలేస్తే గోడలు చల్లబడి, చెమ్మ చేరి బూజు పడుతుంది. ఇంటివాళ్లతో గొడవలు మొదలయ్యేది చాలాసార్లు ఇక్కడే. బాత్‌రూమ్‌లో షవర్ బయట నేల మీద చాలాచోట్ల తూము ఉండదు. నీళ్లు గుమ్మరిస్తే కింది ఇంటికి దిగుతాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు, ఆదివారమంతా చప్పుడు చేయకూడదు. ఆదివారం దుకాణాలు కూడా మూసే ఉంటాయి కాబట్టి పాలు, పెరుగు శనివారమే తెచ్చుకోవాలి.

కుక్కర్ కొనేముందు అడుగున అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే ఇండక్షన్ పొయ్యి మీద పనిచేయదు. కరెంటు మనలాగే 230 వోల్టులు. సన్నని రెండు పుల్లల ఫోన్ ఛార్జర్ సరిపోతుంది కానీ మూడు పుల్లల ప్లగ్ దూరదు. ఎర్త్ ఉన్న అడాప్టర్ ఒకటి సర్దండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో జర్మన్ ఏ2 (రెండో స్థాయి) పూర్తి చేశాను. ఇక్కడ జర్మనీలో పరీక్ష పెట్టి మళ్లీ ఏ1 (మొదటి స్థాయి) రెండో సగంలో వేశారు. పైగా ఇంట్లో అందరూ నాతో ఇంగ్లిషే మాట్లాడుతున్నారు.
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: చిన్నబుచ్చుకోకండి. మన దగ్గర వ్యాకరణం బాగా రాస్తాం, చెవికి అలవాటు తక్కువ. క్లాసు మరీ తేలికగా ఉంటే మాత్రం మొదటి వారంలోనే టీచర్‌ని అడగండి. తర్వాతైతే పై క్లాసు పాఠాలు దాటిపోతాయి.

తెలుగువాళ్లకు కలిసొచ్చేదీ ఉంది. ‘వైల్ ఇష్ మ్యూడె బిన్’ (నేను అలసిపోయాను కాబట్టి) లాంటి ఉపవాక్యాల్లో క్రియ మనకులాగే చివరికి వస్తుంది. అక్కడ ఇంగ్లిష్‌లోంచి కాక తెలుగులోంచి ఆలోచించండి. ‘జీ’, ‘డూ’ల తేడా మన మీరు, నువ్వుల తేడాయే. కాకపోతే ఇంటి పెద్దలు తామే ‘డూ’ అనమన్నాక కూడా ‘జీ’ పట్టుకు వేలాడితే దూరం పెడుతున్నారనిపిస్తుంది. ‘మ్యూడె’లోని అచ్చు కోసం నాలుకతో ‘ఈ’ పలుకుతూ పెదవులు ‘ఊ’కి పెట్టినట్టు గుండ్రంగా చుట్టండి. ఇరవై ఒకటిని ‘ఒకటీ ఇరవై’ అంటారు కాబట్టి ఫోన్ నంబరు ఒక్కొక్క అంకెగా చెప్పమనండి. ‘హాల్ప్ ఆఖ్ట్’ (మాటకు మాట ‘సగం ఎనిమిది’) అంటే ఏడున్నర, ఎనిమిదిన్నర కాదు. భోజనానికి ఆ వేళకు పిలిస్తే గంట ఆలస్యంగా వెళ్లేవాళ్లున్నారు.

ఇంట్లో రోజంతా జర్మనే మాట్లాడమంటే వాళ్లకూ కష్టమే. ‘క్యోనెన్ వీర్ బైమ్ ఎసెన్ డాయిచ్ ష్ప్రెహెన్?’ అని అడగండి, భోజనం దగ్గర జర్మన్‌లో మాట్లాడుకుందామా అని. ఆ అరగంట తప్పులు దొర్లినా ఇంగ్లిష్‌లోకి జారకండి.

ప్రశ్న: వచ్చి నెల కావస్తోంది. బ్యాంకు కార్డు పోస్టులో పంపామంటున్నారు, రాలేదు.
– ఒక విద్యార్థిని, తిరుపతి (ప్రస్తుతం జర్మనీ)

జవాబు: కింద గేటు దగ్గర పోస్టు డబ్బా మీద మీ పేరుందా? అక్కడ పోస్ట్‌మన్ ఫ్లాట్ నంబరు కాదు, పేరు చూసి వేస్తాడు. లేకపోతే ఉత్తరం తిరిగి వెళ్లిపోతుంది. ఇంటివాళ్ల పేరు కింద మీ పేరు చీటీ ఈ రోజే అంటించమనండి. పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరే రాయాలి, మనం మామూలుగా వాడే పొట్టి పేరు కాదు. కొత్త చిరునామాలో చేరిన రెండు వారాల్లో ఆ ఊరి పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు కూడా చేయించుకోవాలి. ఇంటివాళ్లు సంతకం చేసిన నివాస ధ్రువపత్రం లేనిదే అది జరగదు. మీది ఇంకా కాకపోతే ఆలస్యమైనా సరే, వెంటనే అపాయింట్‌మెంట్ తీసుకోండి. అది అయ్యాక బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు మళ్లీ పంపమనండి.